చేపలు నోళ్ళు తెరిచిన వారం

డిగ్రీ అయిపోయి ఉద్యోగం రాని రోజుల్లో నాకొక హోదా ఉండేది. కోదాడలో ఉండే సైంటిస్టు మేడం మాటను సూర్యాపేటలో ఉండే మత్స్యశాఖ ఆఫీసరు సార్‌కు, సార్ మాటను మోతె దగ్గర మా చెరువు గట్టు మీద కూర్చునే మా మేనమామకు చేరవేసేవాణ్ణి. జీతం లేదు. పెట్రోలు నాదే.

మామ మా మత్స్య సొసైటీకి అధ్యక్షుడు. మా వాడ మొత్తానికి ఏడాది తిండి ఆ చెరువులోనే పెరుగుతుంది. మేడం సముద్రం చేపల మీద చదువుకున్న మనిషి. సముద్రం లేని జిల్లా చూసి మరీ పోస్టింగ్ ఇచ్చారు.

ఆ వారం వరుసగా మబ్బు పట్టింది. చెరువులో ఉన్న కాసిని నీళ్ళూ పెయింటు డబ్బాలో పచ్చరంగులా చిక్కబడ్డాయి. మేడం మీటరు ముంచి చూసింది.

"నీళ్ళలో గాలి బాగా తగ్గిపోయిందండీ. ఎండ లేకపోతే ఈ పాచి గాలి ఇవ్వదు, ఉన్నది కూడా తనే తాగేస్తుంది. సగం చేపలైనా ఇప్పుడే పట్టేయాలి. లేకపోతే మొత్తం పోతాయి."

"అయితే పట్టమంటరా మేడం?" అన్నాడు మామ.

"పరిస్థితి చెప్పడం వరకే నా పని. పట్టమనాల్సింది సార్ గారు."

మా సొసైటీలో ఒక కట్టుబాటు ఉంది. సార్‌ను అడిగి పెట్టుకున్న తేదీకి ముందు ఎవరూ వల వేయకూడదు. వేస్తే సొసైటీలోంచి తీసేస్తారు. ఆ తేదీకే మిర్యాలగూడ నుంచి ఐసు లారీ వస్తుంది. దొంగ వలలు ఆపడానికి ఈ కట్టుబాటు పెట్టించింది మామే. అవి ఆగాయి. అప్పటినుంచి మామకు తన మీద తనకు గొప్ప గౌరవం.

నేను సూర్యాపేట వెళ్ళాను.

"గాలి తగ్గింది సరే తమ్ముడూ, పట్టమని మేడం సిఫారసు చేసిందా? ఆమె చేస్తే నేను ఆర్డర్ ఇస్త. రేపు ఏమన్న అయితే నన్నే అడుగుతరు గద" అన్నాడు సార్.

మళ్ళీ కోదాడ.

"నేను సిఫారసు చేశాక, ఐసు లారీ లేక ధర పడిపోతే నన్నడుగుతారు" అంది మేడం.

"సముద్రం దగ్గర కూడా ఇంతేనా మేడం?"

"అక్కడ మీటింగుల్లో బిస్కెట్లు బాగుంటాయి. మిగతాదంతా ఇదే."

చివరికి సార్ తానే వచ్చి చూస్తానన్నాడు. మేడం కూడా వస్తానంది.

"సార్ మొదటిసారి వస్తుండు, శాలువ కప్పకుంటే ఎట్లరా" అని మామ నన్ను శాలువల కోసం కోదాడ తోలాడు.

పొద్దున్నే సార్ జీపు దిగేసరికి చెరువు నిండా చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఊపిరాడక అలా వస్తాయని మా వాడలో అందరికీ తెలుసు. మామ ముఖం పాలిపోయింది.

"అబ్బ, ఎన్ని ఉన్నయ్. మనల్ని సూడనీకె వచ్చినయా ఏంది?" అని సార్ వీడియో తీసుకున్నాడు.

"సార్, అవి..." అని మేడం అనబోతుండగా ఆమె భుజాల మీద శాలువా పడింది. చప్పట్లు. తర్వాత మామ ఉపన్యాసం. తర్వాత కొబ్బరిబోండాలు.

"ఇంత మంచిగున్నయ్ గద, తేదీ దాక ఆగుదాం" అన్నాడు సార్.

"మంచిది సార్" అన్నాడు మామ.

జీపు వెళ్ళాక అడిగాను. "ఎందుకు చెప్పలే మామా?"

"అంతమంది ముందల సార్‌ను తప్పని ఎట్లంటరా. మేడం చెప్తదనుకున్న."

"మీ మామయ్య చెప్తారనుకున్నా" అంది బస్సు కోసం ఆగిన మేడం.

మర్నాడు తెల్లారేసరికి చెరువు తెల్లగా ఉంది. ఒక పొట్ట పక్కన ఇంకో పొట్ట, అవతలి గట్టు దాకా. ఈసారి ఆర్డర్ నేను బండి తీయకముందే వచ్చింది: సున్నం చల్లి పూడ్చిపెట్టమని. బతికిన చేపల మీద కుదరని ఏకాభిప్రాయం చచ్చినవాటి మీద ఇట్టే కుదిరింది.

"పిల్లలకు ఏం పెడ్దు అన్నా?" అని మా వాడ ఆడమనిషి ఒకామె మామను అడిగింది. తిట్టలేదు. తిడితే మామకు కొంచెం నయంగా ఉండేది.

మేడం మొదటి బస్సుకే వచ్చింది. కాలువ నీళ్ళు సన్నగా దిగే మూలకు వెళ్ళి మీటరు ముంచింది.

"ఇక్కడ కొన్ని బతికున్నాయి. ఇంకో గంట కూడా ఆగవు. వల వేయండి. నేనే చెప్తున్నా, పట్టేయండి."

మామ వల భుజాన వేసుకుని మోకాళ్ళ లోతుకు దిగాడు. ఆగాడు. నా వైపు తిరిగాడు.

"సార్‌కు ఒక్కసారి ఫోన్ కల్పురా."

కలిపాను. సార్ వేరే కాల్‌లో ఉన్నాడని ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది.

"ఏమంటుండు?" అన్నాడు మామ, నీళ్ళలో నిలబడి.