పేరు పెట్టని బిడ్డకు ఒక గ్లాసు

మా వీధి చివర గోడకు అవతలే ఆ తోట ఉంది. కార్తేజ్ పాతకాలపు జనం, కాల్చిన పసిబిడ్డల ఎముకలను కుండల్లో పెట్టి పాతి, పైన రాళ్లు నిలబెట్టిన చోటు. మా చిన్నప్పుడు బంతి ఆ గోడ దాటితే ఎవరూ వెళ్లి తెచ్చేవారు కాదు. మా అక్క నజీహా ఒక్కతే దూకేది.

నాన్న పోయాక ఇంట్లో డబ్బు ఒకరి చదువుకే సరిపోయింది. అక్క ట్యూనిస్‌లో యూనివర్సిటీకి వెళ్లింది, నేను బడి మాని కుట్టుమిషన్ ముందు కూర్చున్నాను. తను అక్కడ చదివింది కూడా ఆ కుండల గురించే. ఆ బిడ్డలు వాళ్లంతట వాళ్లు పోయారా, తానిత్ అనే దేవతకు బలి ఇచ్చారా అని పెద్ద పెద్ద ప్రొఫెసర్లు ఇప్పటికీ పోట్లాడుకుంటారు. కుండల్లోని పళ్లను చూసి ఏ బిడ్డకు ఎంత వయసో అక్క చెప్పేది.

ఒక మధ్యాహ్నం అమ్మ, అక్క, నేను చిక్కుళ్లు వలుస్తున్నాం. తోటలో ఒక రాతి మీద చెక్కిన మాటలు అక్క తన పుస్తకంలోంచి చదివి వినిపించింది. "తానిత్ తల్లికి మొక్కిన మొక్కు ఇది, ఆమె నా గొంతు విన్నందుకు."

అమ్మ చేతులు ఆగిపోయాయి. "ఏమని మొక్కేవాళ్లే?"

"బిడ్డని ఇస్తామని. ఒక కుండలో ఇద్దరున్నారమ్మా. అప్పుడే పుట్టిన పసిగుడ్డు ఒకటి, మూడేళ్ల పిల్ల ఒకటి. ఇస్తామన్న బిడ్డ చచ్చి పుడితే, మాట పోకూడదని పెద్దదాన్ని ఇచ్చేశారంటారు మా మాస్టారు."

"మీ మాస్టారికి పిల్లలున్నారా?"

"లేరు. పిల్లి ఉంది."

"అందుకే నోటికొచ్చినట్టు మాట్లాడతాడు."

నేను నవ్వాను. అమ్మ నవ్వలేదు. చిక్కుళ్ల గిన్నె పక్కకు జరిపి, మాకెప్పుడూ చెప్పని సంగతి చెప్పింది. అక్కకు మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి కళ్లు తేలేసిందట. అమ్మ అప్పుడు నిండు చూలాలు. మొక్కులు తీర్చే పుణ్యాత్మురాలు లెల్లా మబ్రూకా సమాధి మీది పచ్చగుడ్డకు నుదురు ఆనించి, "దీన్ని వదిలెయ్ తల్లీ, బదులు కావాలంటే నా కడుపులో ఉన్నది నీదే" అందట. జ్వరం దిగింది. తర్వాత మగపిల్లాడు పుట్టాడు. పేరు పెట్టే ఏడో రోజు రాకుండానే పోయాడు.

"పురిటికి వచ్చేవాళ్లకు గ్లాసుల్లో పోద్దామని జ్రీర్‌కి నువ్వులు నూరి, తేనె, నెయ్యి కలిపి ఉంచాను. ఎవరికీ పెట్టలేదు, అదంతా పాతేశాను." అమ్మ అక్క ముఖంలోకి చూసింది. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. వాడంతట వాడు పోయాడా, నేనిచ్చానా?"

అక్క గిన్నె దగ్గరికి లాక్కుని మళ్లీ చిక్కుళ్లు వలవసాగింది. ఆ రోజు నుంచి ఆ ఇద్దరు పిల్లల కుండ జోలికి పోలేకపోయింది. మిగతావన్నీ తన థీసిస్‌లో రాసింది, అది ఒక్కటే మిగిలింది. మా వైపు పిల్లలు ఊడిన పాలపన్నును సూర్యుడి మీదికి విసిరి, జింకపన్ను ఇమ్మని అడుగుతారు. "ఆ పెద్దపిల్ల పాలపళ్లన్నీ నోట్లోనే ఉన్నాయే" అంది నాతో ఒకసారి. "ఒక్కటీ విసరలేదు."

అమ్మ మళ్లీ నోరు తెరిచి అడగలేదు. రొట్టె అందిస్తూ చూసేది, తలుపు తీస్తూ చూసేది. చివరికి ఒక ఉదయం అక్కే అంది, "అమ్మా, వాడు జబ్బుతో పోయాడు. మొక్కుకీ దానికీ ఏం సంబంధం లేదు. అంతా చదివే చెబుతున్నా."

అమ్మ ఆమె నెత్తిన ముద్దు పెట్టింది. ఆ మధ్యాహ్నం ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. నేను మాత్రం అక్క చెయ్యి చూశాను. నేను కుట్టిన గౌను అంచును దారం తెగేదాకా మెలిపెడుతూనే ఉంది.

థీసిస్ మీద ప్రొఫెసర్లు అందరి ముందూ ప్రశ్నలడిగే పరీక్ష రోజు అమ్మకు మోకాళ్ల నొప్పి, నేను వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. ఆ కుండ గురించి అడిగారు. అక్క గొంతు సవరించుకుని, "పళ్లు వయసే చెబుతాయి. కానీ ఇచ్చారనే నేను నమ్ముతున్నాను" అంది. ఇంటికి వచ్చి, అక్క పాసయిందని మాత్రమే అమ్మకు చెప్పాను.

అమ్మ జ్రీర్ చేసింది. "పురుడెవరికమ్మా మన్నూబియా?" అని ఇరుగుపొరుగు ఆడవాళ్లు అమ్మను ఆటపట్టించారు. "నా కూతురి డిగ్రీకి! తాగి పొండి" అంది అమ్మ. అందరికీ పోశాక పళ్లెంలో ఒక గ్లాసు మిగిలింది. అది ఎవరిదని ఎవరూ అడగలేదు.

సాయంత్రం అక్క ఆ గ్లాసు తీసుకుని తోటకు నడిచింది, వెనకే నేను. రాళ్లను ముట్టుకున్న బడిపిల్లలను కసిరే అక్కే, ఒక చిన్న రాయి మొదట్లో ఆ గ్లాసు పెట్టింది.

"చీమలు పడతాయమ్మా" అన్నాడు తోట కాపలా కాసే హత్తాబ్ బాబాయ్.

"పడనీ బాబాయ్."

మర్నాడు అతనే గ్లాసు కడిగి తెచ్చిచ్చాడు. "ఖాళీ అయిపోయింది" అన్నాడు. ఎవరు తాగారని అమ్మ అడగలేదు. దాన్ని తుడిచి, మిగతావాటి మధ్య బోర్లించింది.

మా గ్లాసులన్నీ ఒకేలా ఉంటాయి, వాటిలో వాడిది ఏదో తెలియదు. అక్క ఇప్పుడు ఇంట్లో గ్లాసుతో తాగదు. కుళాయి కింద దోసిలి పడుతుంది.