భద్రయ్య బుగ్గలు

మల్కాజ్‌గిరిలో నేను అద్దెకు దిగిన ఇంటి ముందుగదిలో, రంగుల్లో గీసిన ఒక పెద్దమనిషి బొమ్మ ఉండేది. నల్లకోటు, టై, బిగించిన పెదవులు, ఉబ్బిన బుగ్గలు. దేశం తిరిగి ఎన్నో బంగళాల్లో ఇలాంటి బొమ్మలు చూశాను; గోడెక్కిన పెద్దమనుషులందరికీ ఎవరో ఒకరిమీద కోపమే.

"జడ్జిగారా?" అని అడిగాను ఇంటామె విమలమ్మను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం జడ్జి సార్! మా ఆయన, భద్రయ్య. పెండ్లి బ్యాండుల క్లారినెట్ వాయిస్తుండె. కోపం కాదు, ఊదుతున్నడు."

భద్రయ్యకు తనదంటూ ఒక్క ఫోటో లేదు. చివరికి ఎవరిదో ఊరేగింపు ఫోటోలో, పెళ్ళికొడుకు గుర్రం పక్కన దొరికాడు. కొడుకు కిషన్ తండ్రి మొహం మటుకు కత్తిరించి, మిగతాది పారేసి, సికింద్రాబాద్‌లో బొమ్మలు వేసే విజయేందర్‌కు ఇచ్చాడు. బతికినన్నాళ్ళు ఏం తొడిగినా, పోయాక గోడమీద కోటు తప్పదు కదా మనకు! విజయేందర్ నోట్లో మిగిలిన క్లారినెట్ కొసను చెరిపేసి, మెడకింద అందరికీ వేసే కోటే వేశాడు. ఊపిరి మాత్రం బుగ్గల్లోనే ఉండిపోయింది.

"సంవత్సరీకం లోపల ఆయన బాజా ఆయనకియ్యాలె," అనేది విమలమ్మ.

"పరేషాన్ చెయ్యకమ్మా. కోటుల మంచిగనే ఉన్నడు గద," అనేవాడు కిషన్.

"మంచిగుండుడు నీకురా. ఆయనకు దమ్మాడ్తలేదు."

ఆ పోరు పడలేక ఒకరోజు ముగ్గురం బొమ్మను ఆటోలో పెట్టుకుని వెళ్ళాం. విజయేందర్ కళ్ళజోడు తుడుచుకుంటూ చూశాడు.

"క్లారినెట్ పెడ్తనమ్మా. మరి పట్టుకునే చేతులు? ఆ ఫోటో ఏదీ?"

"పారేసిన," అన్నాడు కిషన్.

"పోనీ నువ్వు చెప్పమ్మా. వేళ్ళెట్ల పెడ్తుండె?"

విమలమ్మ తన రెండు చేతులూ పైకెత్తింది. అవి గాల్లోనే ఆగిపోయాయి.

"ఊదుతుంటె నేనెన్నడు సూడలే సారూ. పెండ్లిళ్ళకు ఆయన పోతుండె, నేను తలుపు తీస్తుంటి. ఇంట్ల ఊదితే పక్కింటోళ్ళు కొట్లాటకొస్తుండ్రి. అన్నం తినే చేతులు ఎరుక. ఊదే చేతులు ఎరుకలేవు."

"వేరేటోళ్ళ చేతులు పెట్టాల్నా, కోటు లెక్కనే? లేకుంటె బుగ్గలు జెర తగ్గిస్త, నిమ్మళంగ కనవడ్తడు," అన్నాడు విజయేందర్.

"వద్దు!" బొమ్మను లాక్కుంది విమలమ్మ. "గా బుగ్గలొక్కటే ఆయనయి."

సంవత్సరీకం నాడు ఆమె బంతిపూల దండ తానే గుచ్చింది. కోటూ టై పూర్తిగా కప్పేంత లావుగా.