ఒడిలో స్టీరింగుతో చందాపుర దాకా

బస్సులో స్టీరింగు పట్టుకుని కూర్చునే భాగ్యం డ్రైవరుకు ఒక్కడికే అనుకునేవాణ్ణి. మొన్న శనివారం ఉదయం ఏడుంపావుకు బెంగుళూరు కుందలహళ్ళి గేటు దగ్గర వర్తూరు బస్సెక్కినప్పుడు నా ఒళ్ళోనూ ఒకటి ఉంది. పెద్ద నల్లటి చక్రం, దాని వెనక రెండు మూరల ఇనుప గొట్టం. గొట్టానికి పాత దుప్పటి చుట్టాను కానీ చక్రాన్ని దాచడం నా వల్ల కాలేదు.

దీని కథ చెప్పాలి. నా కారు నాకంటే పదేళ్ళు పెద్దది. ఐదు నెలలుగా దాని స్టీరింగు వదులుగా ఉంది. ఒకరోజు వర్తూరు చెరువు మలుపులో చక్రం గొట్టంతో సహా నా మోకాళ్ళ మీదికి వాలిపోయింది. పక్కనున్న మా ఆవిడ సరళ కారు ఆగగానే దిగి ఆటోలో ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత కారెక్కితే ఒట్టు. చివరికి కొనేవాణ్ణి కూడా తనే వెతికింది. ఆదివారం పదింటికి వస్తానన్నాడు.

“ఈలోపల అది అల్లాడకుండా చేసి చూపీండి, ఉంచుకుందాం. లేదంటే ఇచ్చేద్దాం” అంది. సరళ బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు మనిషి. మాట అందంటే అన్నట్టే.

పాత కార్ల స్టీరింగులు బాగుచేసే మునియప్ప చందాపురలో ఉంటాడు. కారును కదిలించొద్దు, రోగమున్న ముక్క ఊడదీసుకుని రమ్మని ఫోన్లో చెప్పాడు. శుక్రవారమంతా వీడియోలు చూస్తూ ఊడదీశాను. గొట్టం నుంచి చక్రం మాత్రం రాలేదు. సరే, రెండూ కలిసే ప్రయాణం చేద్దామనుకున్నాను.

కండక్టరు వచ్చి చూశాడు. “ఏను సార్, నమ్మ డ్రైవర్ మేలె నంబికె ఇల్వా?” తమ డ్రైవరు మీద నమ్మకం లేదా అని అడుగుతున్నాడు. బస్సంతా నవ్వింది. ముందు సీట్లోని పెద్దావిడ వెనక్కి తిరిగి, “ఆడోళ్ళకి టికెట్ లేదు కదప్పా. అది ఆడదో మగదో ముందు తేల్చుకో” అని కండక్టరుకు సలహా ఇచ్చింది. అతను తేల్చుకోకుండానే నాకు టికెట్టూ, దానికి లగేజీ టికెట్టూ కొట్టాడు.

ఏడూ యాభైకి వర్తూరు. పళ్ళెమంతేసి తట్టె ఇడ్లీలు రెండు, కాఫీ ఒకటి. స్టీరింగుకు విడిగా కుర్చీ దొరికింది. ఎనిమిదిన్నరకు దొమ్మసంద్ర బస్సు, అక్కడ మారి పదింటికల్లా చందాపుర. వెళ్ళేవారు కుడివైపు కిటికీ పట్టుకోండి, పొద్దుటి ఎండ తగలదు.

మునియప్ప లేత్ షాపు కూడలికి వెనకసందులో ఉంది. డెబ్బైకి దగ్గరపడిన బక్కపలచని మనిషి. నన్ను చూడగానే, “ముక్క తెమ్మంటే సగం బండి తెచ్చినావే” అని పకపకా నవ్వాడు. గొట్టాన్ని బల్ల మీద పెట్టి, చెవి ఆనించి, చక్రం ఊపాడు. లోపల లొటలొట.

“లోపలి బుష్, గొట్టం ఆడకుండా పట్టే రింగు, అరిగిపోయి ఉండాది. అది నేను చేసిస్తా, పెద్ద సంగతి కాదు. గొట్టాన్ని పట్టుకునే ఈ ఇనుప పట్టీకి నాలుగు బోల్టులు కావాల. రెండే ఉండాయి. మిగిలినవి ఏడ?”

“మొదటినుంచీ రెండేనండీ” అన్నాను ధీమాగా.

ఆయన చిటికెనవేలు ఖాళీ రంధ్రంలో తిప్పి నా ముందు పెట్టాడు. ఎర్రగా ఉంది. “ఇది తుప్పు కాదప్పా. కుంకుమ.”

అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధ పూజనాడు ఆ పట్టీని విప్పి, తళతళా తోమి, బోల్టులతో, పానాలతో సహా దేవుడి ముందు పెట్టింది నేనే. మర్నాడు ఆఫీసు తొందరలో దొరికిన రెండింటితో బిగించేశాను. ఉద్యోగంలో నా పని ఇతరుల ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం! సరళేమో పూజ చేసిన దగ్గరనుంచే కారు పాడైంది కాబట్టి అది అచ్చిరాదని ఐదు నెలలుగా అంటోంది.

పాతకాలపు మరలు కాబట్టి ఇప్పటి బోల్టులు పట్టవన్నాడు మునియప్ప. పదకొండున్నరకు ఇంటికి ఫోన్ చేశాను.

“సరళా, దేవుడి గూట్లో బోల్టులేమైనా ఉన్నాయా?”

“ఉండాయి. రెండు. దినామూ కుంకుమ పెడతానే ఉండాను.”

“ఎందుకో అడగలేదేం?”

“దేవుడి దగ్గర మీరే పెట్టినారు. ఎందుకని అడుగుతారా ఎవరైనా?”

లేవు అని ఒక్క మాటంటే తెల్లారి కారు అమ్ముడైపోయేది. అనలేదు. పది నిమిషాల్లో తనే తీసుకుని బయల్దేరానని మెసేజి పెట్టింది. సంతోషంతో నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు.

ఈలోగా మునియప్ప లేత్ మీద కొత్త బుష్ చేసి గొట్టంలో దిగ్గొట్టాడు. తన క్యారియరు విప్పి నాకూ రాగిముద్ద పెట్టాడు. నమలబోతే, “మింగప్పా, నమిలితే ముద్దకి అవమానం” అని కసిరాడు.

ఒకటిన్నరకు సరళ వచ్చింది. కుంకుమ భరిణెలో బోల్టులు తెచ్చింది. మునియప్ప చెప్పులు విడిచి, రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. మరలు మాత్రం తుడిచి, తలల మీది కుంకుమ అలాగే ఉంచి, పట్టీ రంధ్రాల్లో బిగించి చూశాడు.

తిరుగు ప్రయాణం మూడున్నరకు. ఎవరైనా ఈ దారి పట్టేముందు ఇంట్లో దేవుడి గూడు వెతుక్కుని బయల్దేరండి. మిగతాదంతా సుఖమే. నేను బస్సెక్కిన రోజులన్నిటిలోకీ ఇంత నవ్విన రోజు లేదు.

వర్తూరు నుంచి ఆడవాళ్ళ సీటొకటి దొరికింది. సరళ కూర్చుని స్టీరింగు ఒళ్ళో పెట్టుకుంది. గుంత వచ్చినప్పుడల్లా చక్రాన్ని లాగి, ఊపి చూస్తోంది. నేను పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడి చక్రాన్నే చూస్తున్నాను. చెరువు మలుపు వచ్చింది. బస్సు ఒరిగింది. తనకు తెలియకుండానే బస్సుతోపాటు చక్రం తిప్పి, ఆఖరుసారి గట్టిగా పైకి లాగింది.

“కదల్లే” అంది.

ఫోన్ తీసి కొనేవాడికి కలిపింది. “రేపు రావద్దండీ. లేదు లేదు, రేటు గురించి కాదు. రేపు మేం నంది బెట్టకి పోతా ఉండాం. ఆ కారులోనే.”

కొండమీదికి షికారు సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఫోన్ సంచీలో వేసి నావైపు తిరిగింది. “ఇంటికి పోతానే కారుకు బిగించేయండి. నేను పక్కన నిలబడి నాలుగు బోల్టులూ లెక్కపెడతా.”