అన్నయ్యకి టిప్పు ఇస్తామా?

మా హోటల్లో ఆయన్ని అందరూ నిదానం అనే పిలిచేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఎంత రద్దీలోనైనా ఆయన పరుగెత్తగా నేను చూడలేదు. తల్లి ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతుంటే ఆ బల్ల మీద నాలుగు పళ్ళేలు పెట్టి వచ్చేవారు, పిల్ల కనురెప్ప కదిలేది కాదు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. మోకాళ్ళ కింద నరాలు ఉబ్బి నీలం రంగు తిరిగాయి. ప్యాంటు కింద అవి ఎవరికి కనబడతాయి?

నేను వెనకాల గిన్నెలు కడుగుతాను. హాలుకీ నాకూ మధ్య గోడలో చిన్న కిటికీలాంటి కంత ఉంది. ఎంగిలి పళ్ళేలు అందులోంచే లోపలికి తోస్తారు. అక్కడినుంచి చూస్తే నాకు వీధి వైపు అద్దాల పక్కనున్న నాలుగు బల్లలే కనబడతాయి. మనుషుల బుద్ధులు తెలుసుకోవడానికి నాలుగు బల్లలు ఎక్కువే.

ఆ నాలుగూ నిదానం గారివి. మా పనిలో బల్ల అంటే పొలం లాంటిది. అద్దాల పక్కకి కుటుంబాలొస్తాయి, తీరిగ్గా తింటాయి, లేచేటప్పుడు పళ్ళెం కింద నోటు పెట్టి పోతాయి. వంటగది పక్క బల్లల మీద ఆదరాబాదరాగా మింగి పోయేవాళ్ళు చిల్లర కూడా ఏరుకుని పోతారు. జీతం ఉత్త కంటితుడుపు. మమ్మల్ని బతికించేది టిప్పే. ఎవరికి ఏ బల్ల అన్నది ఓనరు దయ.

నిదానం గారి టిప్పులన్నీ ఒక గుమ్మానికి పోయేవి. ఆయన భార్యకి తుంటి ఎముక విరిగి, అతికీ అతకనట్టు అతికింది. గోడ పట్టుకుని పది అడుగులు వేస్తుంది గానీ ఒక్క మెట్టు ఎక్కలేదు, దిగలేదు. అందుకని వీధిలోకి తెరుచుకునే కింది గది తీసుకున్నారు. పై అంతస్తుల గదుల అద్దెకి అది రెట్టింపు. ఆవిడ పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేయించుకుని, కూరలమ్మేవాళ్ళతో బేరాలు, బడి పిల్లలతో పరాచికాలు, పక్కింటి కోడలికి సలహాలు! ఆ వీధి ఆవిడ ఊపిరి. ఆ గుమ్మం పోతే మనిషి మంచానికి అంటుకుపోతుందని ఆయనకి తెలుసు, మాకందరికీ తెలుసు.

ఇక మా ఓనరు. నవ్వుతూ గొంతు కోసే రకం. ఒకనాడు బిల్లు కింద కొత్త గీత అచ్చయింది: సర్వీసు ఛార్జీ, వందకి పది. ఇక మీకు టిప్పుల బెంగ లేదర్రా, ఎవడు పెట్టినా పెట్టకపోయినా బిల్లులోనే పడుతుంది, నెలాఖరుకి అందరికీ పంచుతాను అన్నాడు. మేము చప్పట్లు కొట్టాం, వెర్రివాళ్ళం. జనం ఆ గీత చూసి పళ్ళెం కింద నోటు పెట్టడం మానేశారు. నెలాఖరుకి పగిలిన కప్పులకింత, చిరిగిన గుడ్డలకింత, మేనేజరుకింత అని కోసుకున్నాక మా చేతికి వచ్చింది చూస్తే ఏడుపొచ్చింది.

అంతలో ఎవరో సర్కారు అధికారులకి ఫిర్యాదు చేశారు. ఛార్జీ కట్టడం ఇష్టం లేనివాళ్ళకి తీసేయాల్సిందే అని వాళ్ళు చెప్పిపోయారు. ఓనరు మమ్మల్నందరినీ నిలబెట్టి షరతులు చదివాడు. ఎవరి బల్ల దగ్గర ఛార్జీ తీసేయమంటారో ఆ మొత్తం వాడి జీతంలో కోత. ఉంచండి బాబూ అని బల్ల దగ్గర నోరెత్తి అడిగితే అది ముష్టి కింద లెక్క, ఆ పూటే ఇంటికి. నెలలో మూడుసార్లు తీయించుకున్నవాడు హాలు వదిలి, సగం జీతానికి గిన్నెల దగ్గరికి.

గిన్నెల దగ్గరికి అంటే నా దగ్గరికి! నా ఉద్యోగం ఇంకొకడికి శిక్షట. ఆ మాట నా మొహం మీదే అన్నాడు మహానుభావుడు. కడుగుతున్న మూకుడు వాడి నెత్తిన బోర్లించాలనిపించింది.

ఆ నెల నిదానం గారికి అప్పటికే రెండుసార్లయింది. మొదటిసారి, ఫోనులో తమ తిండిని తామే వీడియో తీసుకునే ఒక జంట. ఆ గీత చూపించి, తీసేయించి, అదీ వీడియో తీసుకుని పోయారు. రెండోసారి, ఆఫీసువాళ్ళు కొందరు. వడ్డన అద్భుతం అని ఆయన భుజం తట్టి మరీ తీయించారు. నెల గడవడానికి ఇంకో వారమే ఉంది. ఆయన బల్ల మీదికి బిల్లు వెళ్ళినప్పుడల్లా నా చేతిలో పీచు ఆగిపోయేది.

ఆ వారంలోనే ఆయన చెల్లెలు వచ్చింది.

తల్లి పోయాక ఆ పిల్లని ఆయనే పెంచారు. అన్నం కలిపి పెట్టడం, జడ వేయడం, బడికి దింపడం, అన్నీ. ఇప్పుడు ఆవిడ భర్తకి కరెంటు సామాన్ల కొట్టు ఉంది, బాగానే గడుస్తుంది. వాళ్ళ పెళ్ళయి పాతికేళ్ళయిందని, భోజనం అన్నయ్య చేతి మీదుగానే జరగాలని ముందే ఫోను చేసి ఆయన బల్లే కావాలని పట్టుబట్టింది. నిదానం గారు పొద్దున్నుంచీ ఆ బల్ల ఎన్నిసార్లు తుడిచారో! "మా చెల్లి వస్తోంది తల్లీ, ఆ అంచు విరగని పళ్ళేలు నాలుగు తీసి పక్కన పెట్టు" అని నాతో అన్నారు. పెట్టాను.

మధ్యాహ్నం మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలూ వచ్చారు. ఆవిడ హాలంతా వినబడేట్టు "అన్నయ్యా!" అంది. మంచి మనిషి, దాపరికం లేని గొంతు. ఆయన సూపు పోస్తుంటే పిల్లలతో "చూశారా, చుక్క ఒలకదు. మీ మామయ్య చెయ్యి అది" అని మురిసిపోయింది. నాకూ సంతోషంగానే ఉంది, అబద్ధమెందుకు!

తినడమయ్యాక బిల్లు వెళ్ళింది. ఆ భర్త పాపం పద్ధతి తెలిసిన మనిషే. డబ్బు బిల్లు మీద పెట్టి, ఇంకో పెద్ద నోటు తీసి పళ్ళెం కిందికి జరిపాడు. చెల్లెలు ఠక్కున మొగుడి చేతి మీద కొట్టింది.

"ఏమిటండీ అది? అన్నయ్యకి టిప్పు ఇస్తామా? సిగ్గు లేదూ!"

"అది కాదే, పద్ధతి..."

"ఏం పద్ధతి? నన్ను పెంచిన చెయ్యి అది. దానికి కూలి కడతారా?"

మొగుడు నాలిక్కరుచుకుని నోటు జేబులో పెట్టుకున్నాడు. అంతటితో పోతే బాగుండును. ఆవిడ బిల్లు లాక్కుని చూసింది. "ఇదిగో, ఇక్కడా వేశారు చూడండి. సర్వీసు ఛార్జీ! వడ్డించినందుకట. అన్నయ్యని వీళ్ళు కూలివాడి కింద జమకట్టారు. తీయించండి."

నిదానం గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఉండనీ అమ్మా. హోటల్ పద్ధతి. ఉండనీయండి బావగారూ" అన్నారు గొంతు తగ్గించి. అంతకంటే ఒక్క మాట ఎక్కువ మాట్లాడితే ఉద్యోగమే ఊడుతుంది. ఓనరు అప్పటికే ఆ బల్ల వైపు నడుస్తున్నాడు.

"నువ్వూరుకో అన్నయ్యా. నీ మొహమాటం నాకు తెలీదా?"

ఓనరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పెళ్ళికొచ్చిన పెద్దమనిషిలాగా. విషయం విన్నాడు. "అయ్యో, మీరు ఈయన చెల్లెలుగారా! ఎంత మాట! తప్పకుండా తీసేస్తామమ్మా" అన్నాడు. తర్వాత నిదానం గారి వైపు తిరిగి, "ఏమయ్యా, నువ్వే చెప్పు. తీసేయమంటావా, ఉంచమంటావా?" అని అడిగాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. తీసేయమంటే గుమ్మం పోతుంది. ఉంచమంటే ముష్టి అడిగినట్టు, మొత్తానికే పోతుంది. చెల్లెలు గర్వంగా అన్నయ్య మొహంలోకి చూస్తోంది. ఆయన తల వంచి, "మీ ఇష్టం సార్" అన్నారు.

"చూశారా, ఎంత మర్యాదస్తుడో!" అని ఓనరు స్వయంగా వెళ్ళి గీత లేని కొత్త బిల్లు తెచ్చాడు. చెల్లెలు లేచి అన్నయ్య చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. వాళ్ళు వెళ్ళిపోయాక నిదానం గారు పళ్ళేలు తెచ్చి కంతలో పెట్టి, "ఐస్‌క్రీం మొత్తం తినేసింది తల్లీ, చిన్నప్పట్నుంచీ అంతే" అన్నారు. నేను ఆ పళ్ళేలు తొట్టిలో ముంచాను.

మర్నాడు ఆయన రబ్బరు గుడ్డ నడుముకి కట్టుకుని నా పక్కన నిలబడ్డారు.

నేను తడిచేతులతోనే ఓనరు దగ్గరికి పోయాను. తోడబుట్టింది ప్రేమకొద్దీ అంది బాబూ, అది పని బాగాలేదని అన్నట్టు కాదు కదా అని బతిమాలాను. వాడు పళ్ళు కుట్టుకుంటూ విన్నాడు. "సొంత చెల్లెలే ఇవ్వక్కర్లేదన్నాక ఇవ్వడానికి నేనెవర్నమ్మా?" అన్నాడు. పైగా ఆ బిల్లు తాలూకు కోత కూడా వేశాడు. చెల్లెలు తిన్న విందుకి అన్నయ్య కట్టినట్టయింది. మూలిగే నక్క మీద తాటిపండు అంటే ఇదే.

సోడా నీళ్ళు ఆయన చేతులకి పడలేదు. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి నెత్తురు చిమ్మేది. అయినా ఒక్క గిన్నె చప్పుడు చేయకుండా కడిగేవారు. నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ చెల్లెలికి చెప్పండి. ఆవిడ చేసిన నిర్వాకానికి ఆవిడే దారి చూపిస్తుంది" అన్నాను.

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది తల్లీ. తెలిస్తే అది ఏడుస్తుంది. బావగారు జేబులో డబ్బు పెట్టబోతారు. అటుపైన వాళ్ళింటికి నేను అన్నయ్యగా వెళ్ళలేను" అన్నారు.

"మరి మీ ఆవిడ?"

ఆయన కుళాయి తిప్పుకున్నారు.

జీతం సగమైంది, కింది గది నిలవలేదు. నాలుగో అంతస్తులో ఒక గది దొరికింది. లిఫ్టు లేదు. కిటికీ తీస్తే ఎదురింటి గోడ. మారే రోజున నేను గిన్నెల మూట మోయడానికి వెళ్ళాను. చెల్లెలు కూడా వచ్చింది. కింద చెమ్మ ఎక్కువైంది, అందుకే మారుతున్నామని ఆవిడకి చెప్పారట. "పైన గాలి బాగా ఆడుతుందన్నయ్యా, మంచి పని చేశావు" అంటోంది.

సామాన్లు మోసే మనుషులిద్దరు ఆవిడ వదినగారిని కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీ కాళ్ళకి తాడు కట్టి ఎత్తారు. ప్రతి మలుపులోనూ ఆవిడ కళ్ళు మూసుకుని కమ్మీ పట్టుకునేది. మూడో అంతస్తులో ఆగి ఊపిరి పీల్చుకుంటుంటే చెల్లెలు మళ్ళీ, "ఇంత కష్టం దేనికన్నయ్యా, కింద ఇంకో గది దొరకలేదా?" అంది.

నా నోట్లో నువ్వుగింజ నానదు. "ఎలా దొరుకుతుందమ్మా? ఆ రోజు నువ్వు తీయించిన ఛార్జీకి ఆయన్ని హాల్లోంచి తీసేశారు. ఇప్పుడు నా పక్కన ఎంగిలి గిన్నెలు కడుగుతున్నాడు మీ అన్నయ్య. చేతులు చూడు!" అన్నాను.

ఆవిడ మొహం పాలిపోయింది. అన్నయ్య చెయ్యి పట్టుకోబోయింది. నిదానం గారు గబుక్కున చేతులు జేబుల్లో పెట్టుకుని నవ్వారు. "ఈవిడ మాటలు పట్టించుకోకమ్మా. ఓనరుతో గొడవపడి అందరి మీదా ఏదో ఒకటి కల్పిస్తుంది. నన్ను మేనేజరు పక్కన వేశారు, నడక తక్కువ" అన్నారు.

ఆవిడ ఒక్క క్షణం ఆయన్నే చూసింది. నమ్మాలనుకుంది కాబట్టి నమ్మేసింది. నా వైపు తిరిగి, "పెద్దదానివి, ఇలాంటి అబద్ధాలాడొచ్చా? మా అన్నయ్య మర్యాద నిలబెట్టినందుకు నన్నే అంటావా?" అని కడిగేసింది. కుర్చీలో ఉన్న వదినగారు అంతా విన్నది. నా వైపు చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. నేను మూట నెత్తికెత్తుకున్నాను. ఇంకేం చేయను?

పైన కుర్చీ దింపాక ఆ మనుషులిద్దరూ గోడకి ఆనుకుని ఆయాసపడ్డారు. చెల్లెలు వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, మాట్లాడుకున్న కూలి కాక, సంచీలోంచి రెండు పెద్ద నోట్లు తీసి చెరొకటి చేతిలో పెట్టింది. "ఉంచుకోండి. కష్టపడ్డవాళ్ళకి కాస్త పైన పెట్టాలి కదన్నయ్యా" అంది.

"పెట్టాలమ్మా" అన్నారు ఆయన.

వాళ్ళ మొహాలు విప్పారాయి. దండాలు పెట్టి వెళ్ళబోతుంటే వదినగారు కుర్చీలోంచి పిలిచింది.

"నాయనా, మళ్ళీ నన్ను దింపడానికి ఎప్పుడొస్తారు?"

వాళ్ళు నవ్వారు. "ఎక్కిన మేడ దిగడమెందుకమ్మా, హాయిగా ఉండక!" అని నోటు మడుచుకుంటూ మెట్లు దిగిపోయారు. "మా వదినకి ఎప్పుడూ వేళాకోళమే" అని చెల్లెలు కూడా నవ్వింది. నిదానం గారు మాత్రం తలుపు దగ్గరే నిలబడిపోయారు, భార్య మొహం చూడలేక.