గోడకు వీపానించి

ప్రొద్దుటూరులో ప్యాంటు కురచ చేయించడానికి టైలరు దగ్గర నిలబడ్డాను. ఆయన మిషనులో రెండు చుక్కల నూనె వేశాడు. ఆ వాసనకు నా వేళ్లు వాటంతటవే కదిలాయి. నలుగురూ చూస్తున్నారని చేతులు జేబులో పెట్టుకున్నాను. మా ఊళ్లో మనిషి ఊరికే వేళ్లు ఆడిస్తే రెండే అర్థాలు: పిచ్చన్నా పట్టాలి, పేకాటన్నా మరగాలి. నాది మూడోది. గంగాధరన్న అంటించింది.

జమ్మలమడుగులో నేను కేబుల్ టీవీ వైర్లు లాగుతున్న రోజులవి. గంగాధరన్న వాళ్లది పెద్దముడియం దగ్గర పల్లె. తాతనూ తండ్రినీ ఎదుటి వర్గం వాళ్లు చంపారు. వరసలో తర్వాతి పేరు ఆయనదే కాబట్టి వాళ్లమ్మ టౌనులో ఇల్లు తీసుకుని, ఇనపగేటు పెట్టి, కొడుకును లోపల దాచింది. టీవీలో బొమ్మ రావడం లేదని కబురొస్తే పోయాను. గేటు దగ్గర కాపలా ఉండే ఖాసిం మామ నా సంచి, చొక్కా, టిఫిన్ డబ్బా అన్నీ తడిమాడు. "మామా, అందులో ఉండేది చిత్రాన్నమే. పేలదు," అన్నాను. "మీ అమ్మ చేతి వంట నాకు తెల్సులేరా దావీదూ. నమ్మలేం," అన్నాడు.

లోపల మూలకు కుర్చీ వేసుకుని, గోడకు వీపానించి, ముప్పై దాటిన మనిషి రంగుల రూబిక్ క్యూబు తిప్పుతున్నాడు. పురుగు ఆకు నమిలినట్టు కరకరమని చప్పుడు. నేను వైరు చివర ఒలిచేలోపు ఆరు మొహాలూ కుదిరిపోయాయి. బెంగళూరు బంధువులెవరో తెచ్చిచ్చిందట. బయటికి పోలేని మనిషికి వేగం ఎందుకని అడగబోయి ఆగాను. నా వెంటే వచ్చి కూర్చున్న ఖాసిం మామ ఒళ్లో తుపాకీ ఉంది మరి. ఆ తుపాకీకీ ఈ క్యూబుకీ ఒకటే కుట్టుమిషను నూనె. తుపాకీ సంగతి తెలియదు గానీ, ఆ నూనెకు క్యూబులు ఉబ్బి చెడిపోయేవి.

ఆ తర్వాత ఆ ఇంట్లో కేబుల్ తరచూ చెడిపోయేది. చెడగొట్టేది నేనే. వారం తంటాలు పడి తెల్లరంగు మొహం ఒకటి కుదిర్చి గొప్పగా చూపిస్తే, తిప్పి చూసి నవ్వాడు. "ఇది గోడకు సున్నం గొట్టినట్టుందిరా. పక్క రంగులు యాడ కుదిర్నాయి? ముందు తెల్ల సిలువ గట్టు. మీవోళ్లకు సిలువ ఒకరు నేర్పాల్నా?"

సిలువ అయ్యాక కింది వరస నుంచి ఒక్కో అంతస్తు, ఆఖరికి పైకప్పు. సూత్రాలు నేను ప్రొద్దుటూరు నెట్ సెంటరులో చూసి వచ్చేవాణ్ణి. ఆయన వాటిని వేళ్లకు పట్టించేవాడు. నేను ఆత్రంగా తిప్పి మధ్యలో ఆగిపోతే మణికట్టు పట్టుకునేవాడు. "చెయ్యి నిదానం చెయ్. తిప్పే ముక్కను చూడాకు, అది యాడికీ పోదు. తర్వాత ముక్క యాడుండాదో చూస్తాండు." ఖాసిం మామ క్యూబు రంగులు చెదరగొట్టి కలిపిచ్చేవాడు. "అప్పా, ఈసారి నేను కలిపింది ఎవుడూ ఇప్పలేడు," అనేవాడు. పాపం, ఒక్కసారీ గెలవలేదు.

"ఈడ ఖాసిం తప్ప చూసేటోడు లేడు," అన్నాడొకసారి గంగాధరన్న. "ఒక్కసారి జనంలో కూర్చోని ఇప్పాలరా. ఆ మాత్రం బతికితే చాలు."

ఆ అవకాశం రాజకీయం ఇచ్చింది. ఎలక్షన్లకు ముందు వాళ్ల చిన్నాన్నా, ఎదుటి వర్గం పెద్దా ఒకే పార్టీ కండువా కప్పుకున్నారు. పులివెందులలో ఒక పెళ్లిలో ఒకే బంతిన కూర్చుని, ఒకరి విస్తట్లోకి ఒకరు ఓళిగలు వడ్డించుకున్నారట. రెండు తరాల శవాలకు నాలుగు ఓళిగలు. రాజీ అయిపోయింది. గేటు తెరిచారు.

బెంగళూరులో పోటీ ఉందని తెలిసి పేర్లిచ్చి, ఇద్దరమే బస్సెక్కాం. ఒక కాలేజీ హాలు, నిండా జనం. పోటీ చేసేవాళ్లందరి వీపులూ తలుపు వైపే. ఆయన కూర్చున్నాడు. క్యూబు మీద కప్పిన మూత తీశారు. మొదలుపెట్టాడు. సిలువ పడింది, చేతులు అందుకున్నాయి. వెనక ఎవరో కుర్చీ జరిపారు. ఆయన తల తిరిగింది. మళ్లీ క్యూబు వైపు. మళ్లీ తలుపు వైపు. చిన్నపిల్లలు రెండేసిసార్లు ముగించి వెళ్తున్నారు, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. రెండో ప్రయత్నంలో సగంలోనే క్యూబు బల్ల మీద పెట్టేసి లేచి వచ్చాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది.

"ఎవరూ లేరన్నా," అన్నాను.

"లేరని నాకు తెల్సురా. మెడకు తెలీదే."

"గోడ పక్క టేబులు అడుగుదామా?"

"ఏమని అడుగుతావు?"

తిరుగుబస్సులో అందరూ ఎగుడుదిగుళ్లకు భయపడి వదిలేసే చివరి వరుస సీటు ఏరికోరి కూర్చున్నాడు. దారంతా ఎగిరెగిరి పడుతూనే వచ్చాడు. జమ్మలమడుగులో దిగాక, "నువ్వు ఇడిసిపెట్టాకురా," అని మాత్రం అన్నాడు. గేటు తెరిచే ఉంది. ఆయన మళ్లీ బయటికి రాలేదు, క్యూబూ ముట్టలేదు. నాలుగేళ్లకు గుండె ఆగి పోయాడు. ఆ ఇంట్లో మంచంమీద చచ్చిన మొదటి మగవాడని, పలకరించడానికొచ్చిన వాళ్లు వాళ్లమ్మను అభినందించినంత పని చేశారు.

ఇప్పుడు నేను ప్రొద్దుటూరులో బట్టల కొట్టు మేడ మీద ఆదివారాలు పిల్లలకు క్యూబు నేర్పుతున్నాను. సూత్రాలు వాళ్లకు ఫోనులోనే దొరుకుతాయి. నేను చెప్పేది ఒక్కటే: చెయ్యి నిదానం, కన్ను తర్వాతి ముక్క మీద. వాళ్లకు అది ఇట్టే వచ్చేస్తుంది. గాలికి మెట్ల దగ్గరి తలుపు దడేల్మని కొట్టుకున్నా, ఒక్క పిల్లాడు కూడా తల తిప్పడు.

నేనే తిప్పుతాను.