గుండ్రం కోస్తే గుడ్డు వచ్చిన మిషన్

చదువు అప్పుడే ముగించుకుని వచ్చిన మనిషికి లోకంలో ప్రతి వస్తువూ తను చదివిన పాఠంలాగే పని చేస్తుందని ఒక నమ్మకం ఉంటుంది. ఆ నమ్మకం ఎంతకాలం నిలుస్తుందన్నది ఆ వస్తువుల దయ మీద ఆధారపడి ఉంటుంది. మెకానికల్ డిప్లొమా చేతిలో పట్టుకుని నిజామాబాద్‌లో మా కాక వర్క్‌షాపులో చేరిన రోజుల్లో నాకు ఆ నమ్మకం నిండుగా ఉండేది. కాక అంటే మా నాన్న తమ్ముడు. బోధన్ రోడ్డులో ఆయన షెడ్డు ఉండేది. పసుపు పాలిష్ డ్రమ్ములకూ చెరుకు గానుగలకూ కావలసిన సామాను అక్కడ తయారయ్యేది. ఆడపిల్ల ఇనుప రజను మధ్య ఏం చేస్తుందని ఇంట్లో గొణుగుడు ఉండేది. నాన్న మాత్రం ఒక మాట అన్నాడు, "సూస్త. పని నడిస్తే ఉండు. లేకుంటె బ్యాంకు కోచింగుకు హైదరాబాద్ పో." బ్యాంకు కోచింగు అనే మాట వింటేనే నాకు నీరసం వచ్చేది.

నేను చేరిన కొత్తలోనే కాక పుణె నుంచి వాడిన సీఎన్‌సీ మిల్లింగ్ మిషన్ ఒకటి తెప్పించాడు. కంప్యూటర్‌లో ఆకారం చెప్తే ఇనుమును అదే కోసుకునే మిషన్. లారీ మీద నుంచి దాన్ని దించిన రోజు వీధి వీధంతా వచ్చి చూసింది. దాని ఒంటి మీద ఎవరో సుద్దముక్కతో మరాఠీలో ఏదో రాశారు. అదేమిటో అర్థమయ్యేవాళ్లు మాలో లేరు. కాక చేత్తో తిప్పే పాత మిషన్ అమ్మేసి మరీ దీన్ని తెచ్చాడు కాబట్టి ఇది నడవకపోతే షెడ్డులో కోత పనే లేదు. మొదటి పని బోధన్ సేట్‌ది. సేట్ చెరుకు గానుగలు తయారు చేయించి అమ్మేవాడు. బేరింగులు కూర్చోవడానికి గుండ్రటి రంధ్రాలున్న ఇనుప దిమ్మెలు కావాలన్నాడు. గానుగల కాలం మొదలయ్యేలోపు ఇవ్వకపోతే పని నాందేడ్‌కు పోతుందని కూడా అన్నాడు (ఆయన ఆ మాట నవ్వుతూనే అన్నాడు, కానీ కాక ఆ రోజు అన్నం సగమే తిన్నాడు).

మొదటి దిమ్మె కోశాం. కాక దాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిదేంది బిడ్డా, గుండ్రం కొయ్యమంటె గుడ్డు కోసింది," అన్నాడు. నిజమే. రంధ్రం కోలగా ఉంది, పైగా ఎడమ అంచునా కుడి అంచునా చిన్న మెట్టులాంటి గుర్తు ఉంది. బేరింగు పెడితే ఒక పక్క ఇరుక్కుంటోంది, ఇంకో పక్క ఊగుతోంది. కింద నేల ఒరిగిందని కాక అన్నాడు. షెడ్డు గోడ పక్కనే బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న కాక భార్య, మా చిన్నమ్మ, "అది పుణె మిషన్, మీ తెలుగు దానికి సమజ్ అయితలేదు, మరాఠీల చెప్పుండ్రి," అంది. నేను మాత్రం గొంతు సవరించుకుని, "బ్యాక్‌లాష్, కాకా," అన్నాను.

ఆ మాట షెడ్డులో పడిన తీరు నాకిప్పటికీ గుర్తుంది. పాత నల్లా తిప్పితే కొంతసేపు పిడి ఊరికే తిరిగి ఆ తర్వాత నీళ్లు వస్తాయి కదా, ఇదీ అంతే అని వివరించాను. దిమ్మెను బిగించిన టేబుల్‌ను జరిపే స్క్రూ ఒక దిక్కు నుంచి ఇంకో దిక్కుకు మళ్లినప్పుడు లోపలి లూజు వల్ల కొంచెంసేపు స్క్రూ తిరుగుతుంది, టేబుల్ కదలదు. ఆ మళ్లే చోటే మెట్టు పడుతుంది. కాకకు ఆ మాట ఎంత నచ్చిందంటే ఆ వారమంతా ఆయన బ్యాక్‌లాష్ లేని వస్తువును చూడలేదు. స్కూటర్‌కు బ్యాక్‌లాష్, తలుపు గొళ్లేనికి బ్యాక్‌లాష్. ఒక మధ్యాహ్నం చాయ్ ఆలస్యమైందని, "మీ చిన్నమ్మకు మాట చెప్తె కదలనికి యాళ్లయితది. గదంత బ్యాక్‌లాషే," అన్నాడు. చిన్నమ్మ తలెత్తకుండానే, "నువ్వు తిరుగుతనే ఉంటవు, పని మాత్రం జరుగది. గది గూడ గదేనా బిడ్డా?" అని నన్నడిగింది. (సరైన నిర్వచనం ఆమెదే. కానీ జీతం ఇచ్చేది కాక కాబట్టి నేను ఊరుకున్నాను.)

రోగం పేరు చెప్పాను కాబట్టి వైద్యం కూడా నాదే అయింది. డయల్ గేజ్ అని ఒకటుంటుంది, చూడటానికి చిన్న గడియారంలా ఉంటుంది. దాని కొన టేబుల్ మీది వస్తువుకు తాకిస్తే, వెంట్రుక మందం కదిలినా ముల్లు చెప్తుంది. దాన్ని స్టాండుకు బిగించి, టేబుల్‌ను అటు జరిపి మళ్లీ ఇటు జరిపి, స్క్రూ ఎంత తిరిగేదాకా ముల్లు కదలకుండా నిలబడిందో చూసి, ఆ లూజును మిషన్‌కు చెప్పాలి. అప్పుడు మిషన్ మళ్లినప్పుడల్లా అంత ఎక్కువ తిరిగి సరిచేసుకుంటుంది. పుస్తకంలో ఇది ఒక పేరా. నేను కొలిచాను. ఒకసారి ఒక లెక్క వచ్చింది, మళ్లీ కొలిస్తే ఇంకో లెక్క. అడ్డానికీ నిలువుకూ రెండింటికీ లూజు చూపింది. రెండింటికీ లెక్కలు ఎక్కించి మళ్లీ కోశాం. ఈసారి ఎడమా కుడీ మాత్రమే కాదు, పైనా కిందా కూడా మెట్లు పడ్డాయి. కాక దాన్ని చేతిలో పెట్టుకుని చాలాసేపు చూసి, "మొదటిదే కొంచెం నయముండె బిడ్డా," అన్నాడు. ఆయన ఆ మాట మెల్లగా అనడమే నాకు కష్టంగా తోచింది. హైదరాబాద్ కోచింగు గదిలో నా కుర్చీ నాకు కనిపించడం మొదలైంది.

అలా నాలుగు మెట్ల గుడ్లు పేరుకుంటున్న సమయంలో బోధన్ నుంచి సేట్ దిగాడు. భారీ మనిషి, తెల్లటి కుర్తా, వేళ్లకు ఉంగరాలు. కాక ఆయనను దిమ్మెలున్న మూల నుంచి తప్పించి కుర్చీ వేయబోయాడు కానీ సేట్ నేరుగా మిషన్ దగ్గరికే వచ్చాడు. మిషన్ ఆపి ఉంది. నేను గేజ్ ముందు నిలబడి ఏదో లోతైన పనిలో ఉన్నట్టు మొహం పెట్టాను.

"గిది గడియారమా బేటీ? గంటల ముల్లు ఏది?" అంటూ ఆయన ఉంగరం వేలితో గేజ్‌ను టక్కున తట్టాడు.

గేజ్ మెడ వాల్చేసింది. అలసిపోయిన మనిషి కునుకు తీసినట్టు స్టాండు కడ్డీ మీద మెల్లగా కిందికి వాలి ఆగిపోయింది. ముల్లు సగం చుట్టు తిరిగి అక్కడే నిలబడింది. కాక నావైపు చూశాడు, నేను స్టాండు వైపు చూశాను. గేజ్‌ను పట్టుకునే మర బిగుసుకోలేదు. దాని మరచుట్లు అరిగిపోయాయి. అన్ని రోజులూ నేను కొలిచింది మిషన్‌లో లూజు కాదు, నా స్టాండులో లూజు. దాన్నే శ్రద్ధగా మిషన్‌కు ఎక్కించాను. పాపం అది చెప్పినట్టల్లా విన్నది.

"నేనేం పలగొట్టలే భాయ్," అన్నాడు సేట్ చెయ్యి వెనక్కి తీసుకుని.

"లేదు సేట్ సాబ్, మంచిగ చేసిండ్రు," అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

కాక పక్క షాపు నుంచి గట్టి స్టాండు పట్టుకొచ్చాడు. ఎక్కించిన లెక్కలన్నీ తుడిచేసి, సేట్ కుర్చీలో కూర్చుని చూస్తుండగా మళ్లీ కొలిచాను. నిలువుకు లూజు దాదాపు లేనే లేదు. అడ్డానికి మాత్రం ఉంది, ఎన్నిసార్లు కొలిచినా అంతే ఉంది. ఒకే మాట మీద నిలబడే అంకెను చూస్తే ఎంత హాయిగా ఉంటుందో ఆ రోజు తెలిసింది. స్క్రూను మోటారు తిరగనివ్వకుండా పట్టి ఉంచేలా మిషన్ ఆన్‌లో ఉంచి, కాకను టేబుల్ పక్కనుంచి తొయ్యమన్నాను. ఆయన భుజం ఆనించి తోస్తే ముల్లు కదిలింది, రెండో పక్కనుంచి తోస్తే వెనక్కి వచ్చింది. స్క్రూ తిరగకుండానే ముందుకూ వెనక్కూ జరుగుతోందన్నమాట. అంటే దాని చివర పట్టుకునే బేరింగు దగ్గర ఏదో వదులైంది. మిషన్ ఆపి, పక్క మూత విప్పాం. బేరింగును బిగించి ఉంచే నట్టు చేతికే తిరిగింది. పుణె నుంచి లారీ కుదుపులకు వదులైందో, అంతకు ముందే అయిందో తెలియదు. కాక దాన్ని బిగించాడు. స్క్రూ పాతది కాబట్టి కాస్త లూజు మిగిలింది, అది మాత్రం మిషన్‌కు చెప్పాను.

తర్వాత కోసిన దిమ్మెలో మెట్లు లేవు. కాక బేరింగు పెట్టి చెక్క సుత్తితో చుట్టూ తట్టాడు. అది నెమ్మదిగా దిగి అడుగున కూర్చుంది. ఆయన రంధ్రం అంచు మీద బొటనవేలు ఒక చుట్టు తిప్పాడు, ఇంకో చుట్టు తిప్పాడు. "నా బిడ్డ పట్టింది సేట్ సాబ్," అన్నాడు. సేట్ తన ఉంగరం వేలి వైపు చూసుకున్నాడు.

ఆ చూపు అర్థం నాకు కొన్నాళ్లకు తెలిసింది. దిమ్మెలు అప్పజెప్పడానికి బోధన్ వెళ్తే అక్కడ బెల్లం వ్యాపారి ఒకాయన చాయ్ పోయించి, "సేట్ సాబ్ వేలు పెడితె బాగైన మిషన్ మీదేనటగా?" అని అడిగాడు. నాకు రోషం వచ్చింది. చాయ్ చల్లారేదాకా గేజ్ గురించీ నట్టు గురించీ చెప్పాను, గ్లాసులోని నీళ్లలో వేలు ముంచి బల్ల మీద గుండ్రం గీసి మెట్లు ఎక్కడ పడతాయో చూపించాను. ఆయన ఓపికగా అంతా విని, "అవును గని, వేలు పెట్టింది సేటే కదా?" అన్నాడు.

ఇప్పుడు షెడ్డు నేనే చూసుకుంటున్నాను. బోధన్‌లో ఆ ప్రశ్న ఇంకా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అవునని చెప్పి చాయ్ వేడిగా ఉండగానే తాగేస్తాను. ఒక్కోసారి మాత్రం, బల్ల మీద నీళ్లతో గుండ్రం గీస్తూ అది ఆరిపోయేలోపే లోకాన్ని ఒప్పించాలని తొందరపడిన ఆ పిల్ల ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. దానికీ ఒక చాయ్ చెప్పాలనిపిస్తుంది.