మేడమ్‌తో దవాఖానకు

మొన్న దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటే వెనక ఒక ఆడగొంతు ఖంగుమంది: "జర జరుగమ్మా, తొవ్వకు అడ్డం నిలబడితే ఎట్ల?" చటుక్కున తిరిగి చూశాను. ఎవరో తెలియని ఆవిడ. గొంతు మాత్రం అచ్చం మా పద్మజ మేడమ్‌దే. ఎల్‌బీ నగర్‌లోని మా ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె లెక్కలు చెప్పేవారు. ఆమె వరండాలో అడుగుపెడితే చాలు, క్లాసులన్నీ గప్‌చుప్‌గా అయిపోయేవి.

రెండో ఏడాదిలో నాకు నిద్ర దూరమైంది. అన్నం సయించేది కాదు. బడంగ్‌పేట్‌లోని మా ఇంట్లో చెబితే, "ఫోన్ పక్కకు పెట్టు, అంతా మంచిగైతది" అంది అమ్మ. ఒక పరీక్షలో ఏమీ రాయకుండా తెల్లకాగితం ఇచ్చేసి వచ్చాను. మేడమ్ స్టాఫ్ రూముకు పిలిపించారు. తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"రాత్రి నిద్ర వడుతుందా?" అన్నారు.

"లేదు మేడమ్."

"బతకాలనిపిస్తలేదా?"

అంత సూటిగా నన్నెవరూ అడగలేదు. బదులు చెప్పబోతే ఏడుపొచ్చింది. ఆమె అప్పటికప్పుడే అమ్మకు ఫోన్ చేసి, దవాఖాన అడ్రసు చెప్పి రమ్మన్నారు. సాయంత్రం నన్ను షేర్ ఆటో ఎక్కించి దిల్‌సుఖ్‌నగర్‌లో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లారు. తెలిసినవాళ్లు చూస్తారేమోనని నేను చున్నీ ముఖానికి చుట్టుకున్నాను. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మేడమ్‌ను చూసి నవ్వింది. "మీ డేట్ వచ్చేవారం కదా మేడమ్? గోలీలు అయిపోయినయా?"

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు విప్పార్చి ఆమెనే చూశాను. మా కాలేజీ అంతా భయపడే మనిషి!

"ఇయ్యాల నాకు కాదమ్మా, మా పిల్లకు" అన్నారు మేడమ్, గొంతు తగ్గించకుండానే. నావైపు తిరిగి, "ఏంది గట్ల చూస్తున్నవ్? కొన్నేండ్ల సంది వస్తున్న. గోలీలు ఏసుకుంట, పాఠాలు చెప్పుకుంట, మంచిగనే ఉన్న" అన్నారు.

ఇంతలో అమ్మ పరుగున వచ్చింది. "మా బిడ్డను పిచ్చోళ్ల దవాఖానకు తెచ్చిన్రేంది మేడమ్? నలుగురికి తెలిస్తే ఎట్ల?"

"నన్ను చూసి చెప్పమ్మా. నేను పిచ్చిదాని లెక్క కనవడుతున్ననా? నేను గూడ ఇక్కడి పేషంటునే."

అమ్మ మేడమ్‌ను పైనుంచి కిందికి చూసింది. మెల్లగా కుర్చీలో కూలబడి నా చెయ్యి పట్టుకుంది. మళ్లీ వెళ్లాల్సిన రోజు తనే ముందు తయారై కూర్చుంది.

కోలుకోవడానికి చాలా నెలలు పట్టింది. మధ్యలో వెనక్కి జారిన రోజులూ ఉన్నాయి. చదువు పూర్తయి ఉద్యోగమూ వచ్చింది. ఆ సాయంత్రపు విస్మయం మాత్రం నన్ను ఇప్పటికీ వదల్లేదు. అన్నాళ్లు ఆమె ఎదురుగా కూర్చున్నాం, ఒక్కరమూ ఏమీ గమనించలేదు. అందుకే ఎంత ధీమాగా కనిపించే మనిషినైనా "వీళ్లకేం బాధ" అని ఇప్పుడు అనుకోలేను. నేనిప్పటికీ వేసుకునే మందులు ఆఫీసు బల్ల మీదే ఉంటాయి. దేనికని ఎవరైనా అడిగితే, చెబుతాను.